కెమెరాలో ఒక గాజు మార్చి ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీయడం: మొదటి అడుగులు

టీవీ రిమోట్ ఒకటి చేతిలోకి తీసుకోండి. దాని ముందు కొసన ఉండే చిన్న బల్బును ఫోన్ కెమెరాకు, వీలైతే సెల్ఫీ కెమెరాకు ఎదురుగా పెట్టి ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకోండి. కంటికి ఏమీ కనిపించదు, కానీ చాలా ఫోన్ల స్క్రీన్ మీద ఆ బల్బు లేత ఊదారంగులో మినుకుమినుకుమంటుంది. మన కన్ను చూడలేని వెలుగును సెన్సర్ చూసేస్తోందన్నమాట. అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను చూసే శక్తి డిజిటల్ కెమెరా సెన్సర్‌కు పుట్టుకతోనే ఉంది, దానికి అడ్డంగా పెట్టిన ఒక చిన్న గాజుపలకను మార్పించడమే కన్వర్షన్.

మన కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. సెన్సర్‌లోని సిలికాన్ దాదాపు 1100 దాకా చూడగలదు. ఆ అదనపు వెలుగు లోపలికి వస్తే మామూలు ఫొటోల్లో రంగులు పాడవుతాయి కాబట్టి తయారీదార్లు సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ పెడతారు. అది పలచబడితే ఏమవుతుందో 2006లో వచ్చిన లైకా ఎం8తో అందరికీ తెలిసింది. నల్లటి సింథటిక్ బట్టలు అందులో ఊదారంగు కలిసిన గోధుమ రంగులో పడేవి, చివరికి లెన్స్ ముందు పెట్టుకోవడానికి కంపెనీయే ఫిల్టర్లు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ లోపం అనిపించుకున్నదే మనకు ఇక్కడ కావలసింది.

ఒక అపోహ ముందే తీసేద్దాం. ఇది వేడిని చూపించే థర్మల్ కెమెరా కాదు. ఒంటి వేడి నుంచి వచ్చేది దాదాపు 10 మైక్రాన్ల తరంగం, మన సెన్సర్ చూసేదానికి పది రెట్లు పొడవు. మనం పట్టుకునేది ఎండలో ఉండే ఇన్‌ఫ్రారెడ్, అదీ వస్తువుల మీద పడి తిరిగి వచ్చినదే. అందుకే దీనికి వెలుగు కావాలి, చీకట్లో ఏమీ రాదు.

మొదటి పని: ఏ కెమెరాను మార్పించాలి

అలమారాలో పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా పడి ఉంటే అదే సరైనది. కొత్తది కొనొద్దు. పది పన్నెండేళ్ళ నాటి సెన్సర్ కూడా ఈ పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది, ఎందుకంటే ఎక్కువగా మంచి ఎండలో, తక్కువ ఐఎస్ఓలో (సెన్సర్ సున్నితత్వం తక్కువగా పెట్టి) తీస్తాం. మిర్రర్‌లెస్ అని గట్టిగా చెప్పడానికి కారణం ఫోకస్. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు లెన్స్ గుండా వచ్చి కలిసే చోటు మామూలు వెలుగు కలిసే చోటుకు కాస్త తేడాగా ఉంటుంది. పాత మాన్యువల్ లెన్సుల మీద దూరాల గీతకు పక్కన ఎర్ర చుక్కో, ‘ఆర్’ అనే అక్షరమో కనిపిస్తుంది చూడండి, అది ఈ తేడాను సర్దుకోవడానికే. అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాలో ఫోకస్ చూసే భాగం సెన్సర్‌కు వేరుగా ఉండి మామూలు వెలుగుతో పని చేస్తుంది కాబట్టి అది సరే అన్న చోట ఫొటో మసకగా రావచ్చు. మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది, ఆ గొడవ ఉండదు. మీ దగ్గర డీఎస్ఎల్ఆర్ మాత్రమే ఉంటే దిగులేమీ లేదు, లైవ్ వ్యూ ఆన్ చేసి స్క్రీన్ చూస్తూ తీయండి, లేదా మార్పించేటప్పుడే మీరు ఎక్కువగా వాడే లెన్స్‌కు ఫోకస్ సరిచేయమని అడగండి.

ఇంకో మాట. మార్పించిన కెమెరా మళ్ళీ మామూలు ఫొటోలకు పనికిరాదనే లెక్కలోనే ఉండండి. ఇంట్లో అందరూ వాడే ఒకే ఒక్క కెమెరాను మాత్రం ఇవ్వకండి.

రెండో పని: ఏ ఫిల్టర్

ఇక్కడ తొందరపడితే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం, అందుకే దీనికి కాస్త టైమ్ ఇవ్వండి. సెన్సర్ ముందున్న పాత గాజు తీసేసి దాని స్థానంలో పెట్టే కొత్త గాజు ఏ తరంగం నుంచి వెలుగును లోపలికి రానిస్తుందో దాన్నిబట్టే మీ ఫొటోల తీరు ఉంటుంది.

590 నానోమీటర్లది పెట్టిస్తే నారింజ, ఎరుపు వెలుగు కూడా ఇన్‌ఫ్రారెడ్‌తో కలిసి వస్తుంది. కంప్యూటర్‌లో రంగులు సర్దాక ఆకులు బంగారు పసుపులోకి తిరుగుతాయి, ఆకాశం చిక్కటి నీలంగా వస్తుంది, అంతా కొంచెం పండగ వాతావరణంలా ఉంటుంది. 665లో రంగుల జోరు దానికంటే తక్కువ. 720లో కంటికి కనిపించే వెలుగు దాదాపుగా పోయి, లేత రంగులు మాత్రం మిగులుతాయి. తెల్లటి చెట్లు, నీలి ఆకాశం అని మనం ఇన్‌ఫ్రారెడ్ పేరు చెప్పగానే ఊహించుకునే ఫొటో ఎక్కువగా దీనితో తీసిందే. 830 లేదా 850 అయితే రంగు అన్నదే ఉండదు, స్వచ్ఛమైన బ్లాక్ అండ్ వైట్, నల్లటి ఆకాశం, మంచి కాంట్రాస్ట్.

ఇవి కాకుండా ఫుల్ స్పెక్ట్రమ్ అని ఒకటుంది. సెన్సర్ ముందు పారదర్శకమైన గాజు పెట్టి, ఏ ఫిల్టర్ కావాలంటే ఆ ఫిల్టర్ లెన్స్ ముందు బిగించుకునే పద్ధతి. ఒక్క కెమెరాతో అన్నీ చేయొచ్చు, మామూలు ఫొటోలకు కూడా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ తగిలించుకోవచ్చు. కానీ ప్రతి లెన్స్ సైజుకూ ఫిల్టర్లు కావాలి, పైగా డీఎస్ఎల్ఆర్‌కు 720 ఫిల్టర్ బిగించగానే వ్యూఫైండర్ చీకటి అయిపోతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ బాధ లేదు.

నన్నడిగితే మొదటి కెమెరాకు 720. రంగులతో ఆడుకోవచ్చు, బ్లాక్ అండ్ వైట్ చేసుకోవచ్చు, పైగా 590 రంగుల్లో ఉండే హడావుడి లేకపోవడం వల్ల వెలుగును చూడటం నేర్చుకుంటారు. 720 కెమెరాకు లెన్స్ ముందు 850 ఫిల్టర్ తగిలించి అటు వెళ్ళొచ్చు గానీ, 850 కెమెరా నుంచి 720కి వెనక్కి రాలేరు. లోపలి గాజు ఆపేసిన వెలుగును బయటి ఫిల్టర్ తిరిగి తేలేదు కదా.

అసలు మార్పించకుండా, మామూలు కెమెరాకే హోయా ఆర్72 లాంటి 720 ఫిల్టర్ బిగించి తీయొచ్చా అని చాలామంది అడుగుతారు. తీయొచ్చు. లోపలి గాజు చాలా మటుకు ఆపేస్తుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా చాలా సెకన్ల ఎక్స్‌పోజర్, ట్రైపాడ్ తప్పనిసరి, గాలికి ఊగే ఆకులన్నీ దూదిపింజల్లా అలుక్కుపోతాయి. ఈ విద్య మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి అది మంచి దారి, అంతవరకే.

మూడో పని: ఎవరి చేత, ఏమి అడిగి

ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే విప్పేయకండి. ఫ్లాష్ ఉన్న కెమెరాలో దాని కెపాసిటర్ బ్యాటరీ తీసేశాక కూడా కొన్ని వందల వోల్టుల ఛార్జ్ పట్టుకుని ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది. అది తప్పించుకున్నా సెన్సర్‌కూ గాజుకూ మధ్య ఒక్క దుమ్ము కణం చిక్కిందంటే ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చ. ఈ పని రోజూ చేసేవాళ్ళకే ఇవ్వండి, ఇచ్చే ముందు నాలుగు మాటలు అడగండి: నా మోడల్ ఇంతకుముందు చేశారా, కొత్త గాజు మందం పాతదానికి సరిపోయేలా పెడతారా (లేకపోతే దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదరదు), సెన్సర్‌ను వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు మిగులుతుందా, లాంగ్ ఎక్స్‌పోజర్లలో లోపలి నుంచి వెలుగు లీక్ అయ్యే సమస్య ఈ మోడల్‌కు ఉందా. ఈ చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు. కొన్ని కెమెరాల్లో షట్టర్ కదలికను గమనించడానికి చిన్న ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది, పాత గాజు ఉన్నన్నాళ్ళూ దాని ఊసే తెలియదు, మార్పించాక ఫొటో అంచున వెలుగు మరకలా బయటపడుతుంది. వారంటీ ఇంకా మిగిలి ఉంటే అది పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

నాలుగో పని: మీ లెన్సులను పరీక్షించండి

కెమెరా తిరిగొచ్చిన రోజే చెట్ల వెంట పరిగెత్తాలనిపిస్తుంది. ఒక్క గంట ఆగండి. లెన్స్ కోటింగులు కనిపించే వెలుగు కోసం చేసినవి, ఇన్‌ఫ్రారెడ్‌లో అవి ఎలా ప్రవర్తిస్తాయో లెన్స్‌కో తీరు. కొన్నింటిలో లోపలి ప్రతిఫలనాలు పోగై ఫొటో సరిగ్గా మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. దీన్నే హాట్‌స్పాట్ అంటారు. ఖరీదైన లెన్స్‌లో రాదు, చవకదానిలో వస్తుంది అనే లెక్కేమీ లేదు, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ శుభ్రంగా ఉండి, నెలల తరబడి డబ్బు కూడబెట్టి కొన్న లెన్స్ దెబ్బతీయవచ్చు.

నాకు ఇది నేర్పింది ఒక చెరువు గట్టు. రోజంతా ఎఫ్/16లో, అంటే లెన్స్ రంధ్రం (ఎపర్చర్) బాగా చిన్నది చేసి తీసుకున్నాను, వెనుక స్క్రీన్ మీద అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చి కాంట్రాస్ట్ పెంచగానే నల్లటి నీళ్ళ నడుమ పాలచుక్క పడ్డట్టు గుండ్రటి మచ్చ, మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా. అదే చోట, అదే సైజు. ఆ రోజు ఫొటోల్లో ఒక్కటీ మిగల్లేదు.

పరీక్ష ఇలా చేయండి. ఎండ సమంగా పడుతున్న గోడనో, మబ్బులేని ఆకాశాన్నో ఫ్రేమ్ నిండా పెట్టి ఎఫ్/4, 5.6, 8, 11, 16 వరసగా తీయండి. జూమ్ లెన్స్ అయితే రెండు కొసల్లోనూ, మధ్యలోనూ. కంప్యూటర్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ బాగా పెంచండి, మచ్చ ఉంటే దాక్కోలేదు. సాధారణంగా ఎపర్చర్ చిన్నదవుతున్న కొద్దీ మచ్చ అంచు గట్టిపడుతుంది. ఎక్కడి నుంచి మొదలవుతోందో ఆ అంకె ఒక కాగితం మీద రాసి బ్యాగ్‌లో పడేసుకోండి. ఎలాగూ తరంగం పొడవు పెరిగితే డిఫ్రాక్షన్ (రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి పరుచుకోవడం) కూడా పెరిగి చిన్న ఎపర్చర్లలో పదును తగ్గుతుంది కాబట్టి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 లోపల ఉండటమే మేలు.

ఐదో పని: వైట్ బ్యాలెన్స్

చాలామంది మనసు విరిగేది ఇక్కడే. ఆటో వైట్ బ్యాలెన్స్‌లో, అంటే తెలుపు ఏదో కెమెరానే తేల్చుకునే సెట్టింగ్‌లో మొదటి ఫొటో తీస్తారు, స్క్రీన్ మొత్తం కుంకుమ కుమ్మరించినట్టు ఎర్రగా ఉంటుంది, కెమెరా పాడుచేసి పంపారేమోనని టెన్షన్ మొదలవుతుంది. ఏమీ పాడవలేదు. 720 దాటిన వెలుగులో సెన్సర్‌లోని ఎర్ర పిక్సెళ్ళు మిగతావాటికంటే ఎక్కువ పట్టుకుంటాయి, అందుకే ఆ ఎరుపు.

ఎండలో ఉన్న పచ్చటి గడ్డి దగ్గరకు వెళ్ళండి. ఫ్రేమ్ నిండా గడ్డే ఉండేలా ఒక ఫొటో తీసి, కెమెరా మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కు ఆ ఫొటోనే ఆధారంగా ఎంచుకోండి. ఇప్పుడు మళ్ళీ చూడండి. గడ్డి తెల్లబడుతుంది, ఆకాశం తుప్పు రంగులోకి వస్తుంది, ఇందాకటి ఎర్రటి ముద్దలో నుంచి ఒక దృశ్యం బయటికొస్తుంది. ఈ క్షణం కోసమైనా ఈ పని చేయాలి. గడ్డి లేకపోతే ఆకుల గుబురు చాలు. 590, 665 వాళ్ళకు కూడా పద్ధతి ఇదే.

ఫొటోలు మాత్రం రా ఫైల్‌గానే (సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తీయండి. జేపెగ్‌లో తర్వాత సర్దుకోవడానికి చోటు బాగా తక్కువ.

ఆరో పని: బయటికెళ్ళి తీయడం

ఎక్స్‌పోజర్ సంగతి ముందు చూద్దాం. కన్వర్షన్ అయిన 720 కెమెరాతో మంచి ఎండలో ఐఎస్ఓ 200, ఎఫ్/8 దగ్గర సెకనులో నూరో వంతు, అంతకంటే తక్కువ టైమ్‌లోనే చేతితో హాయిగా తీయొచ్చు. చూడాల్సింది హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా చూపే గ్రాఫ్), అదీ మూడు రంగులూ విడివిడిగా చూపించేది. మొత్తం వెలుగు సరిగ్గానే ఉందని ఒక్క గీత చెప్తుంటే ఎరుపు చానెల్ కుడి గోడకు గుద్దుకుని ఉండొచ్చు, అప్పుడు ఆకుల మీద వివరమంతా పోయి తెల్ల కాగితం ముక్కల్లా తయారవుతాయి. ఎరుపు గోడను తాకకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌తో తీసేవాళ్ళు మీటర్‌ను నమ్మకుండా రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసుకోవడం మంచిది.

ఇక ఏమి తీయాలి? ఆకులతో మొదలుపెట్టండి. క్లోరోఫిల్ ఎరుపు, నీలం వెలుగులను ఆహారం తయారీకి మింగేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ జోలికి పోదు. ఆకు లోపల కణాల మధ్య గాలి ఖాళీలు ఆ వెలుగును అటూ ఇటూ చెదరగొట్టి దాదాపు సగాన్ని వెనక్కి పంపిస్తాయి, కాబట్టి చెట్టు మంచు పట్టినట్టు మెరుస్తుంది. దీన్ని వుడ్ ఎఫెక్ట్ అంటారు. చెక్క అనే అర్థంలో కాదు, 1910లో ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు ప్రచురించిన భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేరు మీద. ఎండిపోయిన ఆకులో ఆ మెరుపు తగ్గుతుంది, బెరడు ఆకుల ముందు నల్లగా నిలబడుతుంది. ఒకే పచ్చగా కనిపించే రెండు రకాల చెట్లు ఇందులో వేరువేరు తెలుపుల్లో రావడం చూస్తారు.

ఆకాశం నల్లబడటానికి కారణం వేరు. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి, తరంగం పొడవు పెరిగే కొద్దీ అది నాలుగో ఘాతంలో పడిపోతుంది. 450 నీలంతో పోలిస్తే 720 దగ్గర ఆరున్నర రెట్లు తక్కువ. అందుకే నీలాకాశం చీకటిగా, మబ్బులు దాని మీద అద్దినట్టు తెల్లగా వస్తాయి. మబ్బు తునకలున్న రోజును వదులుకోకండి, ఉత్త నీలాకాశం కంటే ఎన్నో రెట్లు బాగుంటుంది. దూరపు కొండల మీది పలచటి పొగ కూడా చాలావరకు చీలిపోతుంది. పొగమంచు మాత్రం చీలదు, దాని నీటిబిందువులు తరంగం కంటే చాలా పెద్దవి. నీళ్ళు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటాయి కాబట్టి లోతైన నీరు నల్లగా పడి, ఒడ్డు చెట్ల తెల్లటి నీడను అద్దంలా చూపిస్తుంది.

మనుషులను తీస్తే చర్మం పాలరాయిలా నునుపుగా వస్తుంది, ఎందుకంటే వెలుగు కొంచెం లోపలికి వెళ్ళి తిరిగొస్తుంది. కళ్ళు నల్లగా, కొందరికి చేతి నరాలు బయటికి. అందరికీ తమ ఫొటో ఇలా నచ్చదు, ముందే చెప్పి తీయండి. నల్ల బట్టలు నల్లగానే వస్తాయని మాత్రం అనుకోకండి, రంగు అద్దకాన్నిబట్టి ఒకటి నల్లగా, పక్కనున్నది బూడిద రంగులో వస్తుంది.

టైమ్ విషయానికొస్తే, మామూలు ఫొటోగ్రాఫర్లు కెమెరా సర్దేసుకునే పదకొండు నుంచి మూడు గంటల మధ్య ఎండ మనకు పనికొస్తుంది. సూర్యుడు మీ వీపు వైపునో, పక్కనో ఉంటే ఆకులు బాగా వెలుగుతాయి. ఎదురుగా ఉంటే ఈ లెన్స్ కోటింగులతో ఫ్లేర్ (ఫొటోలో చెదిరి పడే వెలుగు మరకలు) ఎక్కువ, లెన్స్ ముందు నీడకు పెట్టే హుడ్ తప్పక తగిలించండి. పూర్తిగా మబ్బు పట్టిన రోజు చప్పగా ఉంటుంది. ఇంటి లోపల ఎల్ఈడీ దీపాల కింద దాదాపు చీకటే, వాటిలో ఇన్‌ఫ్రారెడ్ చాలా తక్కువ. పాతకాలపు ఫిలమెంట్ బల్బు అయితే పుష్కలంగా ఇస్తుంది.

ఏడో పని: కంప్యూటర్ మీద

ఫొటోలు సరిదిద్దే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో రా ఫైల్ తెరవగానే కెమెరాలో చూసిన తెల్లటి గడ్డి మాయమై మళ్ళీ ఎరుపు వస్తుంది. అక్కడ వైట్ బ్యాలెన్స్ టెంపరేచర్ 2000 కెల్విన్ కంటే కిందికి దిగదు, మనకు అంతకంటే కిందికి కావాలి. దీనికి ఒకసారి చేసుకుంటే ఎప్పటికీ పనికొచ్చే ఉపాయం ఉంది. ఒక ఫొటోను డీఎన్‌జీగా (అడోబీ వాళ్ళ రా ఫైల్ రకం) మార్చి, అడోబీ వాళ్ళ డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో తెరిచి, కలర్ మేట్రిసెస్ పేజీలో టెంపరేచర్‌ను మైనస్ 100కు జరిపి, ప్రొఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. లైట్‌రూమ్ మూసి తెరిచాక ఆ ప్రొఫైల్ ఎంచుకుంటే స్లైడర్‌కు చోటు దొరుకుతుంది, ఐడ్రాపర్‌తో ఆకు మీద నొక్కితే చాలు. కెమెరాతో వచ్చే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడితే చాలాసార్లు ఈ తంటా అసలు ఉండదు, కెమెరాలో పెట్టిన వైట్ బ్యాలెన్స్‌ను అది యథాతథంగా తీసుకుంటుంది.

తర్వాత తుప్పు రంగు ఆకాశాన్ని నీలం చేయడం. ఫొటోషాప్‌లో చానెల్ మిక్సర్ తెరిచి, రెడ్ అవుట్‌పుట్‌లో రెడ్ 0, బ్లూ 100 పెట్టండి. బ్లూ అవుట్‌పుట్‌కు వెళ్ళి రెడ్ 100, బ్లూ 0 పెట్టండి. గ్రీన్ ముట్టుకోవద్దు. అంతే, ఆకాశం నీలమైపోతుంది, ఆకులు తెల్లగానో లేత పసుపుగానో నిలుస్తాయి. గింప్‌లో కూడా ఇదే పేరుతో ఇదే పని చేసుకోవచ్చు. ఆకుల్లో అక్కర్లేని రంగు మిగిలితే ఆ ఒక్క రంగు శాచురేషన్ తగ్గించండి. నీలాన్ని మాత్రం లాగి లాగి పెంచకండి, 720లో రంగు సమాచారమే తక్కువ, ఎక్కువ లాగితే ఆకాశమంతా గరుకు పడుతుంది.

రంగులు వద్దనుకుంటే బ్లాక్ అండ్ వైట్ చేసి ఆకాశం, ఆకులు, నీళ్ళు ఈ మూడింటి మధ్య తేడా మీద శ్రద్ధ పెట్టండి. నా ఫొటోల్లో సగానికి పైగా చివరికి ఇలాగే మిగులుతాయి, రంగు మార్చిన ఆకాశం మూడోసారి చూసేసరికి నాకు కాస్త విసుగు పుట్టిస్తుంది.

మొదటి వారం ఊళ్ళు తిరగొద్దు. దగ్గర్లో ఒక్క చెట్టును ఎంచుకోండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, సూర్యుడు వెనుక ఉన్నప్పుడు, పక్కన ఉన్నప్పుడు, మబ్బు కమ్మినప్పుడు, అదే లెన్స్, అదే ఎఫ్/8, అదే వైట్ బ్యాలెన్స్‌తో తీయండి. వారం చివర అన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏ గంటలో ఆకులు ఎక్కువ వెలిగాయో, ఏ వైపు ఆకాశం ఎక్కువ నల్లబడిందో చూసి రాసుకోండి. రెండో వారం ఎక్కడికి, ఏ టైమ్‌కు వెళ్ళాలో ఆ కాగితం చూసి నిర్ణయించుకోవచ్చు.